జురాంగ్ ఈస్ట్‌లో వదిలేసిన రైళ్ళు

నేను సింగపూర్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. మా చెల్లెలు సుభద్ర కూతురు నిత్య పెద్దమనిషి అయింది. పీట మీద కూర్చోబెట్టేటప్పుడు లంగా ఓణీ మేనమామ పెట్టాలి. మాకు అన్నదమ్ములు లేరు. "మేనమామ స్థానంలో నువ్వే వచ్చి పెట్టాలక్కా, టికెట్ పంపిస్తున్నా" అని సుభద్ర ఫోనులో ఏడ్చినంత పని చేసింది. అప్పట్లో భీమవరంలో ఏ వీధిలో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. సుభద్ర మొగుడు ప్రసాద్ ఆ బోర్డులు ఇంకా లేని రోజుల్లోనే ఆ విద్య నేర్చుకుని, పిల్లకి మూడేళ్ళప్పుడు సింగపూర్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు పిల్లకి పన్నెండు.

బుధవారం సాయంత్రం ఐదున్నరకి భీమవరంలో చెన్నై రైలెక్కాను. ఇరవై ఏడేళ్ళుగా బళ్ళో పాఠాలు చెబుతున్నదాన్ని, ఎక్కడికెళ్ళినా టైము రాసుకోవడం నాకో జబ్బు. ఒళ్ళో స్టీలు డబ్బా, దాన్నిండా నువ్వులూ బెల్లం దంచి చేసిన చిమ్మిలి. పిల్ల పెద్దదైతే దానికి తినిపించి, ఇరుగుపొరుగుకి పంచేది అదే. మీలో ఎవరైనా తీసుకెళ్తే చేతిసంచీలోనే పెట్టుకోండి. సూట్‌కేసులో పెడితే పట్టుబట్టలన్నీ నూనె కంపు కొడతాయి.

మర్నాడు ఉదయం ఆరుంబావుకి చెన్నై, పదిన్నరకి విమానం. పక్క సీటులో శ్రీకాకుళం అతను, సింగపూర్‌లోనే తువాస్ అనే చోట ఓడల కార్ఖానాలో వెల్డరు. సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. నా సంగతి విని, "మా పాపది మొన్న మాఘంలో సేసినారమ్మా. నాను లేను. ఫొటోలంపినారు" అన్నాడు. పాప బాగుందా అని అడిగాను. "అన్ని ఫొటోల్లోనూ నేలే సూస్తంది" అన్నాడు. సిగ్గు ఉంటుంది కదా బాబూ అన్నాను. అతను తలూపి కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం ఐదుకి దిగాను. ప్రసాద్ వచ్చి టాక్సీలో వాళ్ళుండే బుకిట్ పంజాంగ్ తీసుకెళ్ళాడు. పదకొండో అంతస్తులో ఫ్లాటు. తలుపు తీసింది నిత్యే. కళ్ళద్దాలు, నిక్కరు, నా భుజాల దాకా ఎత్తు. "హాయ్ పెద్దమ్మా" అంది. నేను తెలుగులో అడగడం, అది మాట చివర 'లా', 'ఆ' అని సాగదీసే అక్కడి ఇంగ్లీషులో చెప్పడం. కాఫీ తాగుతుండగా పక్కన చేరి మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, సండే ఓన్లీ ఫ్యామిలీ, రైట్? నో అదర్ పీపుల్?"

వంటింటి గుమ్మంలోంచి సుభద్ర నాకేసి కళ్ళు పెద్దవి చేసింది. నాకేమీ తెలీదు, అయినా నోరు ఊరుకోదు కదా. "అవునమ్మా, మనమే" అనేశాను.

పిల్ల గదిలోకి వెళ్ళాక సుభద్ర చెప్పింది. అరవై కుటుంబాల్ని పిలిచారట. ఊరికి అటు చివర బెడోక్‌లో హాలు తీసుకున్నారట. ప్రసాద్ ఆఫీసు మేనేజరు కూడా వస్తున్నాడట.

"పిల్లకి చెప్పలేదుటే?"

"చెబితే ఒప్పుకుంటుందా? అక్కడికెళ్ళాక అదే కూర్చుంటుంది. మనందరం అలా కూర్చున్నవాళ్ళమేగా."

శుక్రవారం ఉదయం ఆరున్నరకి నిత్యని బడికి పిలవడానికి పక్క వరస ఫ్లాట్‌లో ఉండే చీనా పిల్ల వచ్చింది. పేరు హుయ్ మిన్, ఒకటే క్లాసు. నిత్య లోపల బూట్లు వేసుకుంటోంది. నేను ఊరుకోవచ్చుగా! గబగబా రెండు చిమ్మిలి ఉండలు కాయితంలో చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇదెందుకు ఆంటీ అని ఇంగ్లీషులో అడిగింది. నేను మా బడి ఇంగ్లీషులో వివరంగా చెప్పాను. వివరంగా అంటే, దానికి ఏ అనుమానమూ మిగలకుండా. ఆదివారం నాడు ఫంక్షన్, మీ అమ్మని తీసుకుని రా అని కూడా చెప్పాను. భీమవరంలో యాభైమంది పిల్లల చిమ్మిలి నా చేత్తో పంచాను. ఇందులో దాచుకోవాల్సింది ఏదో ఉంటుందని నాకు తట్టనేలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నిత్య వచ్చింది. సంచీ నేలకేసి కొట్టింది.

"పెద్దమ్మా, యూ టోల్డ్ హుయ్ మిన్! హోల్ క్లాస్ నోస్ లా. బాయ్స్ ఆల్సో!" తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగింది. "హాల్ ఏంటమ్మా? ఫంక్షన్ ఏంటి? యూ సెడ్ ఓన్లీ ఫ్యామిలీ!"

గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సుభద్ర తలుపు కొట్టింది, బతిమాలింది, అరిచింది. లోపల్నుంచి ఒకటే మాట. "ఐ యామ్ నాట్ యువర్ షో!"

తప్పు నాదని చెప్పబోతే సుభద్ర అడ్డుకుంది. "తొమ్మిదేళ్ళుగా ఇక్కడ అందరి పిల్లల ఫంక్షన్లకీ వెళ్ళి అక్షింతలు వేసొచ్చానక్కా. బళ్ళో తెలుగు లేదు, దీనికి మాతృభాష కింద తమిళం. ఇంట్లో ఇంగ్లీషు. మనదంటూ దీనికి ఇంకేం మిగిలింది చెప్పు? ఈ ఒక్కరోజు కూడా కూర్చోకపోతే ఇది ఎవరి పిల్ల?" అంది. దాని మాట అబద్ధమని నేను అనలేకపోయాను.

శనివారం రాత్రి భోజనాల దగ్గర నిత్య పెరుగన్నం కలుపుకుంటూ, "ఐ విల్ కమ్. బట్ ట్రైన్‌లో, పెద్దమ్మతో. ఆ డ్రెస్ అక్కడికెళ్ళాకే" అంది. సుభద్ర ప్రాణం లేచొచ్చింది. పడుకోబోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. "పదిన్నరకి ముహూర్తం. దాన్ని తీసుకొచ్చే పూచీ నీది."

ఆదివారం ఎనిమిదింటికి వాళ్ళిద్దరూ సామానుతో టాక్సీలో బెడోక్ వెళ్ళారు. ఎనిమిదీ ఇరవైకి మేం బయల్దేరాం. బుకిట్ పంజాంగ్‌లో డ్రైవరు లేకుండా నడిచే చిన్న రైలుంది. ఇళ్ళ పక్కకి రాగానే దాని కిటికీ అద్దాలు వాటంతటవే మసకబారిపోతాయి. ఇదేం చోద్యమే అన్నాను. "సో పీపుల్ కెనాట్ సీ ఇన్‌సైడ్ దెయిర్ హౌస్" అంది నిత్య, నాకేసి చూడకుండా. చోవా చు కాంగ్‌లో దిగి పెద్ద రైలెక్కాం.

తొమ్మిదీ పదిహేనుకి జురాంగ్ ఈస్ట్. అక్కడ రైలు మారితే తిన్నగా బెడోక్. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. నేను ఒక కాలు లోపల పెట్టి వెనక్కి చూస్తే నిత్య బెంచీ మీద కూర్చుని ఉంది.

"లేవే!" అన్నాను. లేవలేదు. నేను దిగిపోయాను. ఆ రైలు వెళ్ళిపోయింది.

"ఐ కెనాట్, పెద్దమ్మా. రావాలనే అనుకున్నాను. ప్రామిస్. మై లెగ్స్ కెనాట్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నాటకాలాడావంటే వీపు చిట్లుతుంది, లే" అని మణికట్టు పట్టుకుని లాగాను. అది విడిపించుకోలేదు, ఏడవలేదు. చెయ్యి మంచుగడ్డలా ఉంది. రెండో రైలు కూడా వెళ్ళిపోయింది. బెంచీ చివర కూర్చున్న ఒక చీనా ముసలమ్మ మా ఇద్దర్నీ చూసి, నిత్య ఒళ్ళో టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఏమీ అనకుండా తన రైలెక్కింది. అప్పుడు ఏడిచింది పిల్ల. ఏడుస్తూనే అడిగింది.

"నీకు అయినప్పుడు, దే ఆస్క్డ్ యూ ఆ?"

నన్నెవరు అడిగారు! పదకొండు రోజులు మూల చాప మీద కూర్చోబెట్టారు. ఆ రోజుల్లోనే మాకు పరీక్షలు. క్లాసులో ఫస్టు నేను. పరీక్ష రాస్తానని ఏడిస్తే మా నాయనమ్మ నోరు మూయించింది. ఆఖరి రోజున మా లెక్కల మాస్టారు కూడా వచ్చి, పాయసం తాగి, నా నెత్తిన అక్షింతలు వేసి వెళ్ళాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. ఎవరితోనూ అనలేదు, ఆ బెంచీ మీద దానితో అన్నాను. "వాళ్ళందర్నీ చూస్తే నాకు అసహ్యమేసిందే" అన్నాను. పిల్ల ఏడుపు ఆపి నన్నే చూస్తోంది.

తొమ్మిదీ యాభైకి నిత్య దగ్గరున్న ఫోను మోగింది. నేనే తీశాను.

"ఎక్కడున్నారక్కా?"

"జురాంగ్ ఈస్ట్‌లో."

"ఇంకా అక్కడేనా! అందరూ వచ్చేశారు!"

"సుభా, మేం రావట్లేదు. వచ్చినవాళ్ళకి భోజనాలు పెట్టండి. పిల్లకి జ్వరమని చెప్పుకో, మా అక్కకి పిచ్చెక్కిందని చెప్పుకో, నీ ఇష్టం."

అవతల సన్నాయి క్యాసెట్టు వినిపిస్తోంది. "పిల్లకివ్వు ఫోను" అంది.

"ఇవ్వను" అన్నాను. అరవై కుటుంబాల ముందు నా చెల్లెల్ని ఒంటరిగా నిలబెట్టానని నాకు తెలుసు.

ఆ తర్వాత మూడు రోజులు సుభద్ర నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. ప్రసాద్ మాత్రం, "మీరు పెద్దవారు వదిన గారూ, నేనేమంటాను" అన్నాడు, అంటే ఎంత అనాలో అంతా అన్నట్టే. నిత్య రోజూ బడికెళ్ళింది. మగపిల్లలు ఇంకా ఏడిపిస్తున్నారట. హుయ్ మిన్ పిలవడానికి రావడం మానేసింది. నేను జురాంగ్ ఈస్ట్‌లో చేసింది శుక్రవారం చేసినదాన్ని చెరిపెయ్యలేదు.

బుధవారం పొద్దున్న నా తిరుగు విమానం. ఎయిర్‌పోర్టుకి ప్రసాద్ ఒక్కడే వస్తాడనుకున్నాను. ఏడింటికి కిందకి దిగేసరికి టాక్సీలో సుభద్ర కూర్చుని ఉంది. దారంతా బయటికే చూసింది. లోపలికి వెళ్ళే గేటు దగ్గర ప్రసాద్ ట్రాలీ పెట్టడానికి వెళ్ళినప్పుడు నోరు విప్పింది.

"నాకూ అప్పుడు పన్నెండే అక్కా. వద్దని నూతి వెనకాల దాక్కున్నాను. వెతికి పట్టుకుని, రెక్క పుచ్చుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది ఎవరు?"

నేనే.

"నీకు పాతికేళ్ళు. అప్పటికే టీచరువి. నన్నెందుకు అడగలేదు?"

కోపంగా అడిగి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అది నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "తప్పయిపోయిందే సుభా" అన్నాను. తలూపింది కానీ, పర్లేదని అనలేదు.

తొమ్మిదీ ఇరవైకి విమానం లేచింది. ఊరెలా ఉందని ఇంటిదగ్గర అడుగుతారు. శుభ్రంగా ఉంటుంది, రైలు పోయినా నాలుగు నిమిషాల్లో ఇంకోటొస్తుంది, తప్పక వెళ్ళి చూడండి అని చెబుతాను. చెన్నై వచ్చేదాకా సుభద్ర ఫంక్షన్ రోజునే తలుచుకుంటూ కూర్చున్నాను. దానికి కట్టిన ఓణీ రంగు గుర్తొచ్చింది, వచ్చినవాళ్ళ పేర్లు గుర్తొచ్చాయి, వంటవాడు పులిహోరలో ఉప్పు మర్చిపోవడం కూడా గుర్తొచ్చింది. పీట మీద దాని ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా రాలేదు. ఆ రోజు నేను దాని ముఖంలోకి చూడనేలేదు.