వరండాలో వెన్ను పరీక్ష

ఆ రోజు, ఏ లోపమూ లేని ఒక అమ్మాయికి వెన్ను వంకర ఉందని అందరి ముందు తేల్చేశాను. అప్పుడు నేను చిట్యాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లల వెన్ను ఎలా చూడాలో ఒక పూట శిక్షణ తీసుకుని, డాక్టర్‌నైపోయినంత ధీమాతో తిరిగొచ్చాను.

బయట ఎండ అని తొమ్మిదో తరగతిని వరండాలో వరుసగా నిలబెట్టి, వెనక నుంచి భుజాలు చూస్తూ పోయాను. దాదాపు అందరికీ ఎడమ భుజం దిగే ఉంది. భయపడాల్సింది పోయి సంబరపడ్డాను. ఇంత పెద్ద జబ్బును కనిపెట్టింది నేనే కదా! వెన్ను వంకరగా ఉందని వాళ్లందరినీ దవాఖానకు వెళ్లమన్నాను. మా కబడ్డీ జట్టులో బాగా కూతకు వెళ్లే అమ్మాయితోనైతే, "శనివారం పోటీకి నువ్వు రావద్దు" అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది.

మధ్యాహ్నం వాళ్లమ్మ మగ్గం మీంచి లేచి, బిడ్డను వెంటబెట్టుకుని నేరుగా బడికొచ్చింది.

"నా బిడ్డకు గూని వస్తదా సారూ? ఇగ ఆటలు బందేనా?"

మా ప్రధానోపాధ్యాయురాలు నన్ను వరండాలోకి పిలిచారు. "సారూ, పొద్దుగాల పిల్లలు నిలబడ్డ కాడ మీరు జర నిలబడుండ్రి." నిలబడ్డాను. "మీకు గూడ ఎడమ భుజం దిగింది. గిప్పుడు అటు మళ్లుండ్రి." మళ్లాను. "అరె, గిప్పుడు కుడిది దిగింది! గింతట్లనే జబ్బు పక్క మార్చిందా?"

కిటికీల్లోంచి పిల్లలు పగలబడి నవ్వారు. వాన నీళ్లు నిలవకుండా ఆ గచ్చును వాలుగా వేశారు. వానాకాలంలో పిల్లలతో ఆ వాలు వెంట నీళ్లను మైదానంలోకి నెట్టించేది నేనే.

నేల సమంగా ఉన్న గదిలో మళ్లీ చూస్తే అమ్మాయి భుజాలు సరిగ్గానే ఉన్నాయి. తల్లి నమ్మలేదు.

"పొద్దుగాల వంకరంటిరి, గిప్పుడు సక్కగుందంటిరి. రేపేమంటరు సారూ?"

మర్నాడు సెలవు పెట్టి తల్లీకూతుళ్లను నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ చూసి ఏ లోపమూ లేదన్నారు. బయటికి రాగానే తల్లి అంది: "పిల్లను ఆటకు పంపుత. కానీ బడిల అందరి ముందట అన్నరు గద, గీ మాట గూడ అందరి ముందటనే చెప్పుండ్రి."

మరుసటి ఉదయం ప్రార్థనలో, ఆమె గేటు దగ్గర నిలబడి వింటుండగా, అమ్మాయికి ఏ లోపమూ లేదని, తప్పు నాదేనని చెప్పాను. సాయంత్రం, అదే మాట చెప్పడానికి మిగతా పిల్లల ఇళ్లకు సైకిల్ మీద బయల్దేరాను.