నల్లబడ్డ హంస

మనిషికి తల నెరిస్తే గౌరవం దానంతటదే వస్తుందని నమ్మే రోజులవి. నమ్మకం మంచిదే. కాకపోతే ఆ గౌరవం యాభయ్యో ఏట రావాలి గాని, ఇరవై నాలుగో ఏటే వచ్చి నెత్తినెక్కితే ఏం చేసుకోవాలి? అరవైల మొదట్లో కోవూరు బళ్ళో లెక్కల అయ్యవారుగా చేరేనాటికే నా తల ముప్పాతిక వంతు నెరిసిపోయింది. బస్సులో నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు లేచి నాకు చోటిచ్చేవాళ్ళు. నేనూ మొహమాటపడుతూనే కూర్చునేవాణ్ణి (నిలబడలేక కాదు, నా వయసెంతో వాళ్ళకు విడమరిచి చెప్పే ఓపిక లేక). అన్నీ ఓర్చుకున్నాను గాని, ఒకరోజు ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "తమరు రిటైరయ్యే లోపల మావోడికి ఎక్కాలొస్తే చాలు సామీ" అన్నాడు. ఆ సాయంత్రమే సైకిలెక్కి పెన్న వంతెన దాటి నెల్లూరికి పోయాను.

నెల్లూరులో అత్తర్లూ సబ్బులూ అమ్మే సాయిబన్న ఒకాయన నాకు బాగా తెలుసు. గోరింటాకు పెట్టీ పెట్టీ ఆయన గడ్డం ఎర్రగా నిగనిగలాడేది. నా తల చూసి, ఏమీ అడక్కుండానే నల్లరంగు పొట్లం తీసి చేతిలో పెట్టాడు. ఇది పూసుకున్నాక రెండు రోజులు తలకు నూనె తగలనీయబాకండని ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. మరి మీరు రంగు వేసుకోవడం లేదా ఏమిటి, నాకెందుకు ఇన్ని జాగ్రత్తలని నేను కాస్త ఉక్రోషంగానే అడిగాను. ఆయన గడ్డం నిమురుకుంటూ, "నాది సోకుకి ఐవారూ. దాచేదానికైతేనే ఇన్ని జాగర్తలు" అన్నాడు. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి, ఆదివారం తెల్లవారుతూనే దొడ్లో తడికె చాటున కూర్చుని, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో నా యవ్వనాన్ని నేనే పూసుకునేవాణ్ణి.

అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసింది మా అక్క. ఆవిడే బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక వ్యవసాయదారుల సంబంధం తెచ్చింది. రంగు సంగతి పెళ్ళయినాక మెల్లగా చెప్పుకోవచ్చులే అన్నది. పెళ్ళిచూపులు మే నెలలో. ఆ తెల్లవారుజామున కొత్తగా రంగు పూసుకుని తల ఆరబెట్టుకున్నాను. బయలుదేరబోతుంటే అక్క నన్ను పీటమీద కూర్చోబెట్టి, చేరెడు కొబ్బరినూనె మాడున పోసి, మర్దించి, పాపిడి తీసి దువ్వింది. నూనె లేని తలతో శుభకార్యానికి పోవడం మా ఇంటా వంటా లేదు. సాయిబన్న మాట గుర్తుకొచ్చింది గాని, అక్క చెయ్యి తలమీద ఉన్నప్పుడు నోరు తెరవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

పిల్ల పనితనం వచ్చినవాళ్ళ కంటపడాలని, పెళ్ళిచూపుల నాడు ఆమె కుట్టిన గుడ్డలన్నీ పెట్టెల్లోంచి తీసి బల్లమీదా, రేడియో మీదా, కుర్చీల వీపుల మీదా పరవడం అప్పటి ఆనవాయితీ. నా కుర్చీకి వేసిన తెల్లగుడ్డ మీద ఒక హంస ఉంది. అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఒక్కసారి తలెత్తి చూసి, నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి బిగించి లోపలికి పోయింది. నేను నచ్చాననుకున్నాను. ఆ సంతోషంలో హాయిగా వెనక్కి ఆనుకుని, పెద్దవాళ్ళు వర్షాల గురించి, వడ్ల గురించి మాట్లాడుకుంటుంటే తల ఊపుతూ కూర్చున్నాను. సెలవు తీసుకుని లేచి, ఎందుకో వెనక్కి తిరిగి చూద్దును గదా, హంస మెడ దాకా నల్లబడి ఉంది! అందరూ వసారాలోకి నడుస్తున్నారు. నాకు ఏం పట్టిందో తెలియదు. చటుక్కున ఆ గుడ్డ లాగి, మడిచి, చొక్కా లోపల దోపుకుని వాళ్ళ వెనకే నడిచాను. అంతవరకూ బళ్ళో సుద్దముక్క కూడా ఇంటికి తెచ్చి ఎరగని మనిషిని.

ఇంటికొచ్చాక అక్క ఆ గుడ్డను కుంకుడురసంలో నానబెట్టింది, నిమ్మకాయ రుద్దింది, ఎండలో వేసింది. హంస కాకి రంగు నుంచి బర్రె రంగుకు వచ్చి ఆగిపోయింది. వారం తిరిగేసరికి వాళ్ళకు సంబంధం ఇష్టమేనని కబురొచ్చింది. దాంతో నాకు దిగులు పట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి నాకు చాలా నచ్చింది, ఆ భయమంతా అందుకే. జన్మంతా ఆదివారాలు తడికె చాటున దాక్కుంటూ ఆమెతో కాపురం చెయ్యలేననిపించింది. ఉన్నదున్నట్టు చెప్పి గుడ్డ ఇచ్చిరమ్మని అక్కను బతిమాలాను. సంబంధం చెడితేనో అన్నది. చెడితే చెడనీ అన్నాను గాని, ఆ పూట అన్నం సయించలేదు. రంగు మానేస్తే కుదుళ్ళు తెల్లగా, కొసలు నల్లగా మరీ అన్యాయంగా ఉంటుందని తిరుపతికి పోయి గుండు కొట్టించుకొచ్చాను (మొక్కేమీ లేదు, కొండకు పోయొచ్చినవాణ్ణి గుండెందుకని ఎవరూ అడగరు). తర్వాత అక్క బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళింది. నేను గుండు తడుముకుంటూ అరుగుమీద కూర్చున్నాను.

అక్క సాయంత్రానికి వచ్చి చెప్పింది. నా చెవి పక్కన కారిన నల్లచారను చూసి వాళ్ళ నాయన, బళ్ళో అయ్యవారు గదా, సిరా అయి ఉంటుందనుకున్నాడట. అమ్మాయి మాత్రం గుడ్డను ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూసి అన్నదట: "జుట్టు సంగతి ఆ పొద్దే కనిపెట్టినాను వదినా. మీరు పోయినాక చూస్తే నా హంస కనపళ్ళా. చేతివాటం మనిషేమోనని రెండు దినాలు బయపడినాను. తర్వాత ఆలోచిస్తే, సిగ్గుపడి ఎత్తుకోని పోయినాడని తెలిసింది. అందుకే సరేనన్నాను. ఇంక ఆ రంగు మాత్రం వద్దని చెప్పండి. దిండు గలీబులు కూడా నేనే కుట్టినాను."

మూడు నెలలకు పెళ్ళయింది. అప్పటికి నా జుట్టు అంగుళం పొడుగున తెల్లగా మొలిచింది. పందిట్లో ఒక ముసలామె అందరికీ వినపడేలా ఇది రెండో సంబంధమా అని అడిగింది. ఫోటో తీసినాయన పాపం మంచివాడు, నామీద జాలిపడి, నేను అడక్కుండానే ఫోటోలో నా జుట్టును నల్లగా దిద్ది అద్దం కట్టించి తెచ్చాడు. నాకు లోలోపల సంతోషమే. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఆయన చేతికిచ్చేసింది. "ఈయనెవరో నాకు తెలీదు. నాకు తాళి కట్టినాయన ఫోటో తెచ్చియ్యండి" అన్నది. ఆయన నొచ్చుకుంటూనే మరొకటి తెచ్చిచ్చాడు.

ఆ ఫోటో ఇంకా మా గోడమీదే ఉంది. దాని కిందే అద్దం. రోజూ తల దువ్వుకునేటప్పుడు ఇద్దరూ కనపడతారు. పైవాడికీ కిందివాడికీ జుట్టు ఒకటే, మొహమే ఇన్నేళ్ళు పట్టి దానికి తగ్గట్టు తయారైంది. అంత లేత మొహం పెట్టుకుని ఆ కుర్రవాడు ఎందుకంత కంగారుపడ్డాడా అని నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. మా ఆవిడ తల కూడా ఎప్పుడో నెరిసింది. దువ్వుకోవడం అయ్యాక వెళ్ళి నా కుర్చీలో వెనక్కి ఆనుకుంటాను. వీపు వెనక ఆ హంస ఉంటుంది. ఆవిడ దాన్ని పారెయ్యనివ్వలేదు. మా ఇంట్లో ఇంకా నల్లగా మిగిలింది దాని మెడ ఒక్కటే.