అన్నం పెట్టెలోని వేడి ఎటు పోయింది

1998 డిసెంబరు. విజయవాడ వన్ టౌన్‌లో మాది రేకుల దుకాణం. ట్రంకు పెట్టెలు, పిండి డబ్బాలు, ఐసు పెట్టెలు చేసేవాళ్లం. నలభై దాటాక వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి అప్పటికి కొలతలు నోటుపుస్తకంలో రాసుకోవడం వచ్చింది. అంతకుముందు అన్నీ బుర్రలోనే. బుర్ర తనకు నచ్చిందే గుర్తుపెట్టుకుంటుంది. కాగితానికి ఆ అలవాటు లేదు.

ఒక ఉదయం కామేశ్వరిగారు వచ్చారు. మా వెనక వీధిలో మరో ముగ్గురు ఆడవాళ్లను పెట్టుకుని వంట చేసి పంపేవారు. నెల కిందట ఆమెకు నేనే ఒక హాట్ బాక్సు చేసిచ్చాను. హాట్ బాక్సు అంటే రేకు పెట్టెలో ఇంకో రేకు పెట్టె. రెండింటి మధ్య రెండంగుళాల సందు, ఆ సందులో వేడిని బయటికి పోనివ్వని సరుకు. దాన్నే ఇన్సులేషన్ అంటారు. నేను గోనెగుడ్డలు కుక్కాను.

"మస్తాన్ గారూ, మీ పెట్టె నా కొంప ముంచేట్టుందండీ," అన్నారు వస్తూనే.

"ఏమైందమ్మా?"

"ఉయ్యూరు దగ్గర ట్రైనింగు సెంటరుకి మధ్యాహ్నం భోజనం పంపుతున్నాను కదా. తొమ్మిదింటికి వార్చిన అన్నం ఒంటిగంటకి చల్లారిపోతోంది. 'మాకు చద్దన్నం పెడతారా' అని మేనేజరుగారు కంచం నా ముందుకి తోసేశారు. వచ్చే సోమవారం కూడా ఇలాగే ఉంటే ఇంక రావద్దన్నారండీ. నేనొక్కదాన్నే అయితే ఏడ్చి ఊరుకుందును. నన్ను నమ్ముకుని ముగ్గురున్నారు."

తప్పు గోనెదే అనుకున్నాను. ఒకే కొలతతో అయిదు చిన్న పెట్టెలు చేసి, సందుల్లో అయిదు రకాల సరుకు నింపాను: గోనె, దూది, వరి ఊక, థర్మాకోల్, గ్లాస్ ఊల్. గ్లాస్ ఊల్ అంటే గాజుతో చేసిన దూదిలాంటిది, ముట్టుకుంటే ఒళ్లంతా దురద. ఒక్కోదాంట్లో ఒకే సైజు స్టీలు గిన్నెతో సలసల మరిగే నీళ్లు పెట్టి మూత వేశాను. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. మరిగే నీళ్ల వేడి కూడా చూపే పొడుగాటిది, కాలేజీ లాబుల్లో వాడేది, కొనుక్కొచ్చాను. గంటగంటకీ చూసి రాశాను.

నాలుగు గంటలయ్యాక కాగితం చూస్తే నాకు మతిపోయింది. అయిదు పెట్టెలూ దాదాపు ఒకేలా చల్లారాయి. గోనె కాస్త వెనక, అంతే.

మర్నాడు పొద్దున కామేశ్వరిగారు వచ్చేసరికి మళ్లీ మరిగే నీళ్లు పోసి కూర్చున్నాను. అయిదూ ఒకేలా చల్లారాయని కాగితం చదివి వినిపించాను. "సరుకు నాసిరకంది ఇచ్చారమ్మా షాపువాళ్లు," అన్నాను.

"అయిదు షాపులవాళ్లూనా?"

నేను థర్మామీటరు తుడుస్తూ కూర్చున్నాను.

"మస్తాన్ గారూ, అయిదు కూరలూ ఉప్పగా ఉంటే కూరగాయల్ని తిడతామాండీ? అయిదింట్లో పోసిన నీళ్లు చూసుకుంటాం. మీ అయిదు పెట్టెల్లోనూ ఒకేలా ఉన్నదేంటి?"

"నా పనితనం," అన్నాను పొగరుగా.

"అయితే దాన్నే చూద్దాం," అని ఇంటికెళ్లి నేతి గిన్నె తెచ్చారు. డిసెంబరు చలికి నెయ్యి గట్టిగా పేరుకుని ఉంది. వేలితో తీసి ఒక పెట్టె బయటివైపు చుక్కలు పెట్టారు: పక్కల మీద, అడుగున, మూతి చుట్టూ. పక్కల మీదా అడుగునా పెట్టిన నెయ్యి అలాగే తెల్లగా నిలబడింది. మూతి చుట్టూ పెట్టింది కరిగి రేకు మీదుగా జారింది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. పెట్టె మూతి దగ్గర లోపలి రేకునూ బయటి రేకునూ కలిపి మడిచి, సుత్తితో కొట్టి, తగరం కరిగించి మాటు పెడతాం. గోరు కూడా దూరదు. మా నాన్న నేర్పిన మడత. ఆ మడత చూసే బేరం కుదుర్చుకునేవాళ్లున్నారు. లోపలి వేడి అంతా ఆ ఇనుము పట్టుకుని దర్జాగా బయటికి నడిచిపోతోంది. నేను గోడలు కాపలా కాస్తూ గుమ్మం తెరిచి పెట్టానన్నమాట.

"మడత తీసేస్తే పెట్టె విడిపోతుందమ్మా," అన్నాను. ఒప్పుకోబుద్ధి కాలేదు.

"మా అట్లకాడకి చెక్క పిడి ఎందుకుంటుందండీ? చెయ్యి కాలకుండానే కదా. మీరూ మధ్యలో చెక్క పెట్టండి."

పెట్టాను. మూతి చుట్టూ చెక్క చట్రం బిగించి, లోపలి రేకు ఒకవైపు, బయటి రేకు ఇంకోవైపు మేకులు కొట్టాను. లోపలి పెట్టె అడుగున కూడా చెక్కముక్కలే. రేకుకి రేకు ఎక్కడా తగలదు. మళ్లీ పరీక్ష చేస్తే అప్పుడు బయటపడ్డాయి తేడాలు. థర్మాకోల్, గ్లాస్ ఊల్ ముందు, ఆ వెనకే దూది, ఊక. గోనె చాలా కింద. కానీ మరిగే గిన్నె వేడికి థర్మాకోల్ లోపలివైపు మెత్తబడి కుంచించుకుపోయింది. అది ఐసుకి మంచిది, అన్నానికి కాదు. దురద పుట్టించే గాజు తిండి దగ్గర పెట్టడం నాకిష్టం లేదు. దూది ఆవిరి తగిలి తడిస్తే ఎందుకూ కొరగాదు. మన వైపు మిల్లుల దగ్గర గుట్టలుగా పడుండే ఊకనే ఎండబెట్టి, సందు నాలుగంగుళాలకు పెంచి పెద్ద పెట్టె చేశాను.

సోమవారం వ్యానులో నేనూ ఉయ్యూరు వెళ్లాను. ఒంటిగంటకి పెట్టె తెరిచారు. కామేశ్వరిగారు మొదటి గరిట మేనేజరుగారి కంచంలోనే వేశారు. మేనేజరుగారు ఎప్పటిలా అనుమానంగా అన్నంలో వేళ్లు పెట్టి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు.

"అబ్బా! ఏంటమ్మా ఇది, పొయ్యి కూడా పెట్టెలో పెట్టి తెచ్చారా?"

"కాస్త చల్లారనివ్వండి సార్," అన్నారు కామేశ్వరిగారు నెమ్మదిగా.

వరసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వి, వేళ్లు ఊదుకుంటూ, "రేపు సాంబారు ఇంకొంచెం ఎక్కువ తెండి," అన్నారు.  వ్యాను ఎక్కాక కామేశ్వరిగారు కొంగుతో మొహం తుడుచుకుని, "రేపు పప్పు పెందలాడే నానబెట్టాలండీ," అన్నారు.

ఏ సరుకు మంచిదని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. సరుకు సంగతి తరవాత. లోపలిది బయటిదాన్ని ఎక్కడ ముట్టుకుంటోందో ముందు చూసుకోండి. పనివాడు తాను బాగా చేశాననుకున్న చోట తప్పు వెతకడు. నేనూ వెతకలేదు. అందుకే ఆ తరవాత ఏ కొత్త రకం పెట్టె చేసినా, రేకుల పని బొత్తిగా తెలియని మనిషిని పిలిచి ఒకసారి తడిమి చూడమంటాను. వాళ్లకి నా మడత మీద గౌరవం ఉండదు కదా.