టీచర్ గారి ఆరు కిలోలు

2023 జూన్. బడులు తెరిచిన వారం. పర్చూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో మాది స్వీట్స్ అండ్ హాట్స్ షాపు. మా వ్యాపారంలో తీపి సరుకును స్వీట్ అనీ, కారం సరుకును హాట్ అనీ అంటాం. ఇరవై ఆరేళ్లుగా ఆ కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను కాబట్టి ఊళ్లో ఎవరి నోటికి ఏది ఇష్టమో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే నాకే బాగా తెలుసు. ఆ వారంలో ఒక సాయంత్రం హైస్కూల్లో సోషల్ చెప్పే పద్మజ టీచర్ గారు వచ్చారు. షోకేసు వంక చూడకుండా నా మొహంలోకే చూస్తూ ఒక మాటన్నారు.

"అన్నయ్య గారూ, రేపట్నుంచి నేనొచ్చి అడిగినా సరే, నాకు తినడానికేమీ ఇవ్వకండి."

నేను నవ్వాను. ఈ మాట నాకు కొత్త కాదు. ప్రతి సోమవారం ఎవరో ఒకరు వచ్చి చెబుతారు, బుధవారానికల్లా వాళ్లే పావుకిలో పకోడీ కట్టించుకుపోతారు. "అట్టాగేనమ్మా, గురువారం దాకా ఇవ్వన్లే" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"మా శ్రీనుకి నా కిడ్నీ సరిపోయిందండి. గుంటూరులో పరీక్షలన్నీ చేశారు. అన్నీ బాగున్నాయంట, బరువొక్కటే ఎక్కువ. డెబ్బై ఎనిమిదున్నాను. డెబ్బై రెండుకి దిగితే గానీ ఆపరేషన్ చెయ్యమన్నారు. వినాయక చవితి దాటాక మళ్లీ రమ్మన్నారు."

శ్రీను ఆవిడ తమ్ముడు. పక్క పల్లెలో పొగాకు, మిరప వేసే రైతు. నలభై ఇంకా దాటలేదు. ఏడాదిగా వారానికి మూడుసార్లు చీరాల వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అంటే, కిడ్నీలు చేయాల్సిన పని మిషను చేత చేయించడం. చేలో దిగి పొద్దస్తమానం పాటుపడే మనిషి మా షాపు రెండు మెట్లెక్కి ఆయాసంతో నిలబడిపోవడం నేను కళ్లారా చూశాను. ఇంట్లో ఇంకెవరి కిడ్నీ అతనికి సరిపడలేదు. ఆవిడకు ప్రాణసంకటంగా ఉంటే నేను చెలగాటమాడాను. చాలా సిగ్గేసింది.

"ఆరు కిలోలే కదమ్మా, మూడు నెలల టైముంది" అన్నాను.

"ఆరేళ్లుగా తగ్గుదామనే చూస్తున్నానండీ. రెండు తగ్గితే మూడు పెరుగుతా."

ఈ విషయంలో నేను సలహాలివ్వబోవడం దెయ్యాలు వేదాలు వల్లించినట్టే. మా షాపు పెట్టిందే మనుషుల చేత తినిపించడానికి. బజ్జీల మూకుడు వెనక వంటగదిలో కాకుండా రోడ్డు మొహాన పెడతాం. బజ్జీల వాయి, అంటే మూకుడులో ఒక విడత, సరిగ్గా బడి వదిలే వేళకి దింపుతాం. ఆకలి మీద నడిచిపోయేవాడు ఆ వాసన దాటుకుని పోవడం కష్టం. పిల్లల కంటికి ఆనే అరలో రంగు మిఠాయిలు సర్దుతాం. కొనాలని రాకుండా, దారిన పోతూ చూసి కొనే ఈ బేరాన్ని కౌంటర్ సేల్ అంటారు. మా రోజు గడిచేది దాని మీదే.

టీచర్ గారు మర్నాటి నుంచి దారి మార్చారు. బడి నుంచి మా షాపు ముందు నుంచి కాకుండా వెనక వీధిన ఇంటికి పోయేవారు. పొద్దున్నే చిలకలూరిపేట రోడ్డు మీద గంట నడక. శనివారం మాత్రం మా దగ్గరికి రాక తప్పేది కాదు. ఆవిడ మామగారికి పళ్లు లేకపోయినా కారప్పూస లేనిదే మజ్జిగన్నం దిగదు. ఆయన కోసం పావుకిలో కట్టించుకుని, ఒక మాట మాట్లాడి వెళ్లేవారు. మొదటి నెలలో రెండు కిలోలు తగ్గారు. ఆ తర్వాత ముల్లు కదలడం మానేసింది. జూలై అంతా డెబ్బై ఆరే.

జూలై ఆఖరి శనివారం. ఉదయం నుంచీ ముసురు పట్టి ఉంది. ఆవిడ గొడుగు ముడిచి విసురుగా లోపలికొచ్చి, కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి తెరిచారు. ఆసుపత్రి డైటీషియన్ రాయమన్న ఫుడ్ డైరీ అది, రోజంతా తిన్నదల్లా రాసిపెట్టే పుస్తకం.

"చూడండి అన్నయ్య గారూ. ఇడ్లీ రెండు, పుల్కా రెండు, కప్పు పప్పు, మజ్జిగ. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ డైటీషియన్ అమ్మాయి ఇదంతా చదివి, రాయనివి ఇంకేమన్నా ఉన్నాయా మేడమ్ అంటుంది. ఇరవయ్యేళ్లుగా పిల్లల చేత నిజం చెప్పిస్తున్నదాన్ని, నేను దొంగ రాతలు రాస్తానా?"

ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు, నేను వింటూనే కారప్పూస తూచి పొట్లం కట్టాను. ఆవిడ కోపం న్యాయమేననిపించింది. అంత పద్ధతైన మనిషి అబద్ధం రాయరు. ఆవిడ చెప్పడం ముగించి, చేతులు దులుపుకుని, పుస్తకం మూయబోయారు. అప్పుడు కనిపించాయి నాకు, ఆ పేజీ మీద రెండు మూడు కారప్పూస ముక్కలు.

"టీచర్ గారూ, ఇప్పుడు తిన్నది ఎక్కడ రాస్తారు?"

"ఇప్పుడేం తిన్నానండీ?"

నేను ముక్కల వైపు వేలు చూపించాను. ఆవిడ వాటిని చూశారు, తన చెయ్యి చూసుకున్నారు, తర్వాత నన్ను చూశారు.

"మీరే పెట్టారు."

"నేనే పెట్టానమ్మా."

"ఇవ్వొద్దని చెప్పాగా మీకు."

"చెప్పారు. ఇవ్వట్లేదనే అనుకుంటున్నా ఇప్పటిదాకా."

దీన్ని కొసరు అంటాం. తూకం అయ్యాక పైన వేసే పిడికెడు. పొట్లం ఇంటికి, కొసరు వచ్చిన మనిషి చేతికి అని మా నాన్న నాకు నేర్పాడు. కొసరు లేకుండా ఇస్తే మా వైపు దాన్ని తూకమే అనరు, పిసినారి కొట్టు అని పేరు పడుతుంది. నా చెయ్యి ఇరవై ఆరేళ్లుగా నన్నడగకుండానే ఆ పని చేసుకుపోతోంది. అది నా లెక్కలో అమ్మకం కాదు, ఆవిడ లెక్కలో తిండీ కాదు. ప్రతి శనివారం నేనిస్తూనే ఉన్నాను, ఆవిడ తింటూనే ఉన్నారు. ఇద్దరికీ తెలియలేదంటే నమ్మండి.

అయినా వారానికి ఒక పిడికెడు కారప్పూస ఒక్కటే బరువు తగ్గకుండా ఆపలేదు కదా. ఆ మాటే అడిగాను, ఇట్టాంటి కొసర్లు ఇంకెక్కడన్నా ఉన్నాయా అని. ఆవిడ స్టూలు మీద కూర్చుని తల పట్టుకున్నారు.

"స్టాఫ్ రూములో రోజూ ఎవరో ఒకరు డబ్బా తెరుస్తారు. చేగోడీయో గవ్వలో, రెండు చేతిలో పెడతారు. పిల్లల పుట్టినరోజు చాక్లెట్లు. మామయ్య గారు కంచంలో వదిలేసినవి పారెయ్యబుద్ధి కాదు. కూర ఉప్పు చూడాలిగా. ఇవన్నీ తినడమని నాకెప్పుడూ అనిపించలేదండీ."

తిండి గురించి నాకేమీ తెలియదు గానీ తూకం గురించి తెలుసు. మా ఎలక్ట్రానిక్ కాటా మీద టేర్ అని ఒక మీట ఉంటుంది. ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే గిన్నె బరువు పోయి సున్నా చూపిస్తుంది. ఆ తర్వాత పడేదంతా సరుకే. ఒక స్టీలు డబ్బా దాని మీద పెట్టి, ఎంతుందో చూసుకుని, ఆవిడ చేతికిచ్చాను.

"కంచం ముందు కూర్చుని తినేది తినండి. అది కాక ఎవరు చేతిలో ఏం పెట్టినా కాదనకండి, వాళ్లు నొచ్చుకుంటారు. తీసుకుని ఇందులో వెయ్యండి. వచ్చే శనివారం పట్రండి, తూద్దాం."

"గుడి ప్రసాదమైతే?"

"అది కళ్లకద్దుకుని నోట్లో వేసుకోండి. దేవుడితో నాకెందుకు పేచీ."

మరుసటి శనివారం డబ్బా తెచ్చి కాటా మీద పెట్టారు. డబ్బా బరువు పోగా కిలోకి నలభై గ్రాములు తక్కువ. స్వీట్లు సర్దే పళ్లెంలో బోర్లించాను. మామగారు సగం వదిలేసిన లడ్డూ, మెత్తబడిన చేగోడీలు, కరిగి కాగితానికి అంటుకుపోయిన చాక్లెట్లు, బిస్కెట్లు, ఎండిపోయిన గారె ముక్క. పళ్లెం నిండిపోయింది. కిలో అంటే రోజూ తూచేదే అయినా, ఒక మనిషి కడుపులోకి తెలియకుండా పోయే కిలోని నేను ఆ రోజే చూశాను.

"ఇదంతా నేనేనా" అన్నారు ఆవిడ, చిన్న గొంతుతో. కాసేపటికి లేచి, ఖాళీ డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నారు. "ఇంకా ఏడు వారాలుంది కదా" అన్నారు. ఆ గొంతు వేరు. క్లాసులో అల్లరిని ఒక్క మాటతో ఆపే గొంతు అది.

ఆవిడ సంగతి సరే, నా చెయ్యి కూడా ఆగాలి కదా. అదంత తేలిక కాలేదు. ఆవిడ వస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉండేవాణ్ణి. మా వంటమాస్టరు వీరయ్య పొట్లం కట్టి ఇచ్చేవాడు. "మీకేమన్నా నడుం నొప్పా ఓనరు గారూ" అని వాడి ఎకసెక్కాలు. ఎదురు టీకొట్టతనికి కూడా చెప్పిపెట్టాను, టీచర్ గారికి టీతో బిస్కెట్టు ఇచ్చావంటే ఊరుకోనని.

ఆగస్టు మూడో వారానికి డెబ్బై నాలుగుకు దిగారు. అంతలో శ్రీనుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పెట్టారు. ఆ సాయంత్రం టీచర్ గారు చీరాల నుంచి బస్సు దిగి తిన్నగా మా షాపుకే వచ్చారు. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి.

"ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ వెయ్యండి."

"ఇవ్వనమ్మా."

"నేను డబ్బులిచ్చి కొంటున్నా."

"అయినా ఇవ్వను. మీరు అడిగినా ఇవ్వొద్దన్నది మీరే."

"మీరు వ్యాపారం చేస్తున్నారా, నాకు కాపలా కాస్తున్నారా? వాడు అక్కడ ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. నేను కిలోలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?"

రోడ్డు దాటి అవతల బజ్జీల బండి దగ్గరికి వెళ్లారు. నా వంకే చూస్తూ, ఒకటి తర్వాత ఒకటి, నిలబడి తిన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాను. నా దగ్గరికి ఇట్టా వచ్చినవాళ్లు అందరూ ఇక్కడే ఓడిపోతారు. ఒక పూట తప్పితే ఇంకెందుకులే అని వదిలేస్తారు.

మర్నాడు పొద్దున బడికి పోతూ ఆవిడే వచ్చారు. నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. మిరపకాయ బజ్జీలు ఏడు అని రాసి ఉంది. పక్కనే ఎర్ర ఇంకుతో, ఏడుపొచ్చి తిన్నాను, అని.

"శ్రీను లేచి కూర్చున్నాడండీ, గండం గడిచిందన్నారు. ఇవాళ మధ్యాహ్నం అన్నం మానను. మానేస్తే సాయంత్రానికి మళ్లీ ఆ బండి దగ్గరే ఉంటా. నిన్నటిది నిన్నటితో సరి." ఎదురుగా పొద్దుటి గారెల వాయి దిగుతున్నా అటు చూడకుండా వెళ్లిపోయారు. ఈవిడ గెలుస్తుందని నాకు ఆ పొద్దున గట్టిగా అనిపించింది.

వినాయక చవితికి ఉండ్రాళ్లు రెండు తిని, రెండు అని రాశారు. గుంటూరు వెళ్లే ముందురోజు, "మీ పెద్ద కాటా మీద ఒకసారి చూసుకోనా" అని అడిగారు. వెనక గదిలో శనగపిండి బస్తాలు తూచేది అది. పంచదార బస్తాల మధ్య, చెప్పులు విడిచి, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. నేను అద్దాలు సవరించుకుని చూశాను. డెబ్బై ఒక్క కిలోల ఎనిమిది వందల గ్రాములు. వీరయ్య నమ్మకం కుదరక ఆవిణ్ణి దింపి, ఒక బస్తా పెట్టి కాటా సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్లీ ఎక్కించాడు. అదే అంకె.

మరునాడు నాకు పని మీద ధ్యాస లేదు. బూందీ అడిగితే మిక్స్చర్ తూచాను. పదకొండు దాటాక ఫోన్ మోగింది. శ్రీను.

"అన్నా, మా అక్క పాసైంది. వాళ్ల కాటా మీద కూడా డెబ్బై రెండు లోపే. డాక్టరు గారు పేపర్ల మీద సంతకం పెట్టారు."

షాపులో ఉన్న అందరికీ మైసూర్ పాక్ పంచాను. ఎందుకని అడిగితే సంగతి చెప్పాను. బరువు తగ్గినందుకు మైసూర్ పాకా అని ఒక పెద్దాయన పడి పడి నవ్వి, ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు. దీపావళికి ముందే ఆపరేషన్ అయింది. అక్కా తమ్ముడూ ఇద్దరూ క్షేమంగా ఇంటికొచ్చారు.

తిండి తగ్గించుకోలేనివాళ్లు నోరు కట్టుకోలేని మనుషులని నేను చాలాకాలం అనుకున్నాను. వాళ్లని చూసి నవ్వుకున్నాను కూడా. వాళ్ల చేతిలో అడగకుండా పెట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణని టీచర్ గారి పుణ్యమా అని తెలిసింది. ఇప్పుడూ కొసరు వేస్తాను, కానీ పెట్టమంటారా అని అడిగి వేస్తాను. వద్దన్నవాళ్లని బలవంతపెట్టను. మర్యాద అంటే పెట్టడమే అనుకునేవాణ్ణి, ఎదుటివాళ్లు వద్దంటే వినడం కూడా మర్యాదే.

మొన్న మార్చిలో, కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్న రోజుల్లో, అక్కా తమ్ముడూ కలిసి షాపుకొచ్చారు. శ్రీను మెట్లు రెండూ ఒక్క అంగలో ఎక్కేశాడు. ఎండలో వచ్చాడేమో, "అన్నా, మంచినీళ్లు" అన్నాడు. డయాలసిస్ చేయించుకునే మనిషికి నీళ్లు కూడా కొలిచి ఇస్తారు, రోజు మొత్తానికి చిన్న సీసాడు. ఆ రోజుల్లో అతను గుక్కెడు నోట్లో పోసుకుని, మింగడానికి ఆలోచించేవాడు. ఇప్పుడు పెద్ద గ్లాసు నిండా పోసిస్తే తలెత్తి గటగటా తాగాడు. పద్మజ గారు పక్కన నిలబడి అతని గొంతు కదలడమే చూస్తున్నారు. ఖాళీ గ్లాసు కౌంటర్ మీద పెట్టగానే ఆవిడే దాన్ని నా వైపు జరిపారు.

"ఇంకో గ్లాసు పొయ్యండి అన్నయ్య గారూ."