బయట పనున్న పిల్లి

బియ్యం మూటల మీద కూర్చుని, మెష్ తలుపుకు మూతి ఆనించి బయటికి చూసే బూడిదరంగు పిల్లి వీడియో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. అది మా పిల్లే. చాంపియన్ రీఫ్స్ దగ్గర మా మామగారి బియ్యం, పప్పుల అంగడి వెనకగదిలో నేనే తీశాను.

పెళ్లయిన నాటి నుంచి మధ్యాహ్నాలు ఆ అంగడి నాదే. బూదికోట బడిలో లెక్కల టీచరుగా రమ్మని పిలుపు వచ్చిన రోజు మామగారిని అడిగాను. అంగడి ఎవరు చూసుకుంటారమ్మా అన్నారు, మెల్లగా, ప్రేమగానే. ఒళ్లు మండిపోయింది. అరిచే మనిషితోనైతే పోట్లాడవచ్చు. ఆ కోపంతో వెనకగదిలోకి పోతే పిల్లి కనిపించింది. వీడియో తీసి, ‘నాకూ బయట పని ఉండాది’ అని రాసి పెట్టేశాను.

నిజానికి పిల్లికి ఏ దిగులూ లేదు. ఎదురుగోడ మీద బల్లిని చూస్తోంది. ముందు తలుపు బార్లా తెరిచే ఉంది. దాని మూతి పుట్టుకతోనే అంత.

వారం తిరక్కుండా అది ఊళ్లు దాటింది. హాస్టలు పిల్లలు, నర్సులు, సెలవు దొరకని ఆఫీసువాళ్లు నా మాట తీసేసి తమ మాట పెట్టుకున్నారు. ఇంతమందిమి ఉన్నామా అనిపించి ఏడుపొచ్చింది. మన ముఖంతో అనలేని మాట పిల్లి ముఖంతో అంటే ఇంట్లోవాళ్లు కూడా నవ్వుతారు. మా ఆయనా నవ్వి చుట్టాలందరికీ పంపాడు.

మామగారు నవ్వలేదు. వీడియో కింద జనం రాసినవి నాచేత చదివించుకున్నారు. పాపం, తలుపు తీయండి అన్నవే ఎక్కువ. మరునాడే వడ్రంగిని పిలిపించి మెష్ తలుపు కింద పిల్లి పట్టేంత కంత కోయించారు.

"మూగజీవి. నోరు తెరిచి అడగలేదు కదమ్మా."

"నేను అడిగినాను కదా మామా. ఆ రాత పిల్లిది కాదు, నాది. బడిలో చేరేకి ఇంగ రెండు దినాలే ఉండాయి."

ఆయన పిల్లిని చేతుల్లోకి తీసుకున్నారు. పిల్లిని చూద్దామని క్యాసంబళ్ళి నుంచి వచ్చినవాళ్లు అంగడి ముందు నిలబడి ఉన్నారు.

"నువ్వు పోతే దీన్ని ఎవరు చూసుకుంటారమ్మా?" అన్నారు, అంతే మెల్లగా.

ఆ రెండు రోజులూ గడిచిపోయాయి. బడిలో ఇంకెవరో చేరారు. పిల్లి ఈనాటికీ ముందు తలుపులోంచే వచ్చిపోతుంది. గిరాకీ లేనప్పుడు నేను వెనకగదిలో కూర్చుని ఆ కంతలోంచి చెయ్యి బయటికి పెట్టి చూస్తాను. మోచేతి దాకా పోతుంది.