వేళ్లు కనపడేదాకా

మా వంటింటి సొరుగులో కత్తెర పక్కన ఒక వెదురు బద్ద ఉంటుంది. దానికి నైలాను దారం చుట్టి, చివర చిన్న గాలం, సీసం గుండు కట్టి ఉంటాయి. ఎన్నిసార్లు తుడిచినా పోని నీచు వాసన సొరుగు తీసినప్పుడల్లా ముక్కుకు తగులుతుంది. అది మా మామ్మది, నాన్నను కన్నతల్లిది.

కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువలా వచ్చిన రోజులవి. సింగపూరులోని జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకులో రెండు అంతస్తులకొక తెలుగు కుటుంబం దిగింది. ఆదివారాలు ఎవరో ఒకరి ఫ్లాట్‌లో పప్పుచారు, వడియాలు, వాటితో పాటు గొప్పలు. ఒకరికి మామిడితోటలు, ఒకరికి రైసుమిల్లు. ప్రోగ్రామరైన మా నాన్న తన వంతు వచ్చినప్పుడు, "మాకు చేపల చెరువులున్నాయండి" అనేవాడు. నిజానికి మాకున్నది గోదావరి మీద ఒక నావ, రెండు వలలు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. నేనేం తక్కువ తినలేదు, బళ్లో చెరువుల సంఖ్య పెంచి మరీ చెప్పాను.

ఆ డిసెంబరు సెలవుల్లో మామ్మ ఒక డబ్బా కజ్జికాయలతో, ఈ వెదురు బద్దతో వచ్చింది. రోజూ మధ్యాహ్నం వాన. మా బ్లాకు వెనక పెద్ద కాలువ ఏటిలో కలిసేచోట, చేపలు పట్టుకోవచ్చని బోర్డున్న గట్టు, కిందికి మెట్లు ఉండేవి. వాన వెలిసేసరికి నీళ్లు మట్టిరంగులో, ఆకులూ ప్లాస్టిక్ గ్లాసులూ మోసుకుంటూ హోరుమని పోయేవి. చుట్టుపక్కల అంకుళ్లు ఆగలేక అప్పుడే గాలాలు వేసి, చెత్తకు చిక్కించుకుని తెంపుకునేవారు. మామ్మ మాత్రం పై మెట్టు మీద కూర్చుని, నీళ్లు కొంచెం తగ్గినప్పుడల్లా అంచు మెట్టు మీద పాదం ముంచి చూసేది. తన కాలి వేళ్లు తనకు కనపడేదాకా గాలం తడపదు. అది వాళ్లింటి కట్టుబాటు.

ఆమె తిరిగి వెళ్లిపోయే ముందు ఆదివారం నాకు ఓపిక నశించింది.

"మామ్మా, అంకుల్ వాళ్లు ఆల్రెడీ వేసేశారు. జస్ట్ త్రో లా," అన్నాను బళ్లో అబ్బిన సింగపూరు యాసలో.

"మనకాడ వరద తియ్యడానికి నెలన్నర పట్టుద్దే. ఇక్కడ గంటన్నర ఆగలేవా?" అంది మామ్మ.

నాన్న మాకు పదడుగుల దూరంలో గొడుగు పట్టుకుని, బస్సు కోసం వచ్చినవాడిలా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వాళ్ల ఆఫీసు మేనేజరు, మా చెరువుల గురించి ఎన్నోసార్లు విన్న మనిషి, నడకకు అటే వచ్చాడు.

"ఈవిడ మీ అమ్మగారా? చెరువులున్నవాళ్లకు ఈ తిప్పలేంటండీ?"

మామ్మ వినే ఉంటుంది, తల తిప్పలేదు. నాన్న ఎవరో ముసలామె అంటాడేమోనని భయపడ్డాను.

నాన్న గొడుగు ముడిచాడు. బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వచ్చి మామ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"చెరువుల్లేవండి. గొప్పకి చెప్పాను. మాకున్నది గోదారేనండి. ఈవిడ గంపెత్తి చేపలమ్మి నన్ను చదివించింది. నీళ్లు తీసేదాకా గాలం వెయ్యదు. రండి, కూర్చోండి."

మేనేజరు నిజంగానే కూర్చున్నాడు. మామ్మ కజ్జికాయల డబ్బా ఆయన వైపు జరిపింది. నీళ్లు ఒక్కో మెట్టూ వదులుతూ పోయాయి. చివరికి మామ్మ పాదం ముంచి, వేళ్లు కదిపి చూసుకుని, బద్దను నాన్న చేతికిచ్చింది. అరచేయంత జిలేబీ చేప ఒకటి పడింది.

"చెయ్యి మర్చిపోలేదురా," అందామె.

ఆ ఒక్క చేప పులుసు మేనేజరుతో కలిపి ఐదుగురం తిన్నాం. మా నాన్నను చూసి నేను అంతగా గర్వపడింది ఆ రోజే.

ఇప్పుడా మెట్లు లేవు, గడ్డి వాలూ కంచే ఉన్నాయి. కాలువలో నీళ్లెంత ఉన్నాయో ఫోనే చెబుతుంది. మామ్మ కూడా లేదు. మొన్న వన్-నార్త్‌లో మా ఆఫీసు భోజనాల దగ్గర, ఊళ్లో మీవాళ్లకేముండేవని ఒకాయన అడిగాడు.

"గోదారండి," అన్నాను.