పావురాలను మేము పక్షుల్లో లెక్కవెయ్యలేదు

పులికాట్ దారిలో సైకిల్ దిగి నిలబడిపోయిన ఆ ఆదివారాన్నే నా జబ్బుకు మొదటి రోజుగా చెప్పుకుంటాను. పొన్నేరి దాటాక ఉప్పునీటి వాసన మొదలయ్యే చోటు అది. మార్గళి నెల చలి. ఎత్తు లేదు, ఎదురుగాలి లేదు, చదునైన రోడ్డు. అయినా ఊపిరి అందలేదు. గుండెల మీద ఎవరో బియ్యం మూట దించినట్టు ఉంది. ముందు పోతున్న వసంతక్క వెనక్కి తిరిగి వచ్చి, అప్పుడే అలిసిపోయినావా అని ఎగతాళి చేసింది. దగ్గరికి వచ్చి నా పెదవుల రంగు చూసి ఎగతాళి మానేసింది.

నా పేరు రాజేశ్వరి. ఊత్తుకోటలో మాకు చిల్లర సరుకుల అంగడి ఉంది. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త. వసంతక్క మా వీధిలోనే ఉంటుంది, ఆడపిల్లల స్కూల్లో పీటీ టీచరుగా చేసి రిటైరైంది. నలభై దాటిన నాకు సైకిల్ నేర్పింది ఆమే. వీధిలో అందరూ నవ్వారు. మా ఆయన అయితే, పడితే కట్టు కట్టించడానికి నేను తయారు అన్నారు. అయినా నేర్చుకున్నాను.

ఆదివారం మా అంగడి వ్యాను సరుకు కోసం పొన్నేరి పోతుంది. అందులో రెండు సైకిళ్ళు ఎక్కించుకుని పోయి, అక్కడ దిగి సరస్సు దాకా తొక్కేవాళ్ళం. వసంతక్క మెడలో బైనాక్యులర్, నా సంచిలో పులిహోర. మొదటిసారి ఆమె బైనాక్యులర్ నా కళ్ళకు పెట్టినప్పుడు దూరంగా నీళ్ళ మీద లేత గులాబీ రంగు చార ఒకటి కనిపించింది. ఆ చార కదిలింది. అన్నీ ఫ్లెమింగోలే. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పెళ్ళయినప్పటి నుంచి తక్కెడ ముందు కూర్చున్నదాన్ని, మా ఊరికి ఇంత దగ్గరలో ఇంత పెద్ద ఆకాశం ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత గూడబాతు ఏదో, నారాయణ పక్షి ఏదో, దూరం నుంచే గుర్తుపట్టడం వచ్చింది. వారమంతా అంగట్లో ఎంత చిరాకు పడినా, ఆదివారం ఉంది కదా అనుకుంటే సర్దుకునేది.

ఇక జబ్బు సంగతి. ఆ ఆదివారానికి కొన్ని వారాల ముందు నుంచే సాయంత్రమైతే పొడి దగ్గు, ఒళ్ళు వెచ్చబడటం, నొప్పులు ఉండేవి. పొద్దున్నకు తగ్గిపోయేవి. మిరపకాయల ఘాటు అనుకున్నాను. మా ఊరి డాక్టరు డస్ట్ అలర్జీ అని సిరప్ రాశారు. సీసాలు ఖాళీ అయ్యాయి కానీ దగ్గు పోలేదు. అంగట్లో ఒక సంచి ఎత్తితే కూర్చోవలసి వచ్చేది.

తిరువళ్ళూరు తీసుకెళ్ళారు. చెస్ట్ ఎక్స్‌రే, బ్లడ్ టెస్ట్, టీబీ కోసం కఫం తీసి స్ప్యూటమ్ టెస్ట్ చేశారు. టీబీ లేదన్నారు. ఆస్తమా కావచ్చు, ఇన్‌హేలర్ వాడి చూద్దాం అన్నారు. అప్పుడు ఆ డాక్టరు ఒక మంచి ప్రశ్న అడిగారు. పక్షుల దగ్గర ఎక్కువ ఉంటారా అని. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "ఆదివారమైతే పులికాట్‌కు పోయి పక్షుల్ని చూసొస్తాది సార్" అన్నారు. కొన్నాళ్ళు ఆపి చూడండి అన్నారు డాక్టరు.

ఇంట్లో మిద్దె మీద రోజూ దిగే పావురాల మాట మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. గుర్తుండీ దాచలేదు. పక్షులంటే మాకు ఎక్కడి నుంచో వచ్చేవి, టికెట్ కొని, బైనాక్యులర్ పెట్టి చూసేవి. పావురాలు మా ఇంట్లోవి. అంగట్లో కింద రాలిన గింజల్ని చెత్తలో వెయ్యకూడదని మా మామయ్య పెట్టిన పద్ధతి. ఆయన పోయాక అత్త దాన్ని ఒక పూజలాగా పట్టుకుంది. పొద్దున్నే గంపలో గింజలు తీసుకుని మిద్దె ఎక్కుతుంది, చల్లుతుంది, వాటితో మాట్లాడుతుంది. ఆమె ఎక్కకముందే రెట్ట, ఈకలు ఊడ్చి శుభ్రం చెయ్యడం నా పని. ఆదివారాలు మాత్రం నేను లేనని పనిమనిషి ఊడ్చేది.

పులికాట్ ఆపేశాను. అత్తకు నామీద కోపం కాదు, భయం. "లోకంలో పిట్టలన్నీ ఆడికే వచ్చి దిగుతాయంట. ఏ దేశం రోగాన్ని ఏ పిట్ట మోసుకొచ్చినాదో" అని వసంతక్క ఎదుటే అన్నది. వసంతక్క పాపం తనవల్లే నాకిలా అయ్యిందని కుమిలిపోయి, మా ఇంటికి రావడం తగ్గించేసింది. సైకిల్ మెట్ల కింద పెట్టి గోనెపట్టా కప్పారు. ఆదివారం కూడా ఇంట్లోనే ఉన్నాను కాబట్టి, మిద్దె ఊడవడం ఏడు రోజులూ నా వంతుకే వచ్చింది.

ఇన్‌హేలర్ పీలుస్తూనే ఉన్నాను, దగ్గు పెరుగుతూనే ఉంది. బరువు తగ్గాను. రెండు ముద్దల మధ్య ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. నాకు కోపం ఎక్కువ, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో కోప్పడటానికి కూడా ఊపిరి చాలేది కాదు. నేను పోతానేమో అన్న భయం అప్పుడే మొదలైంది.

ఆడి కృత్తిక పండగకు తిరుత్తణిలో మా చెల్లెలి ఇంటికి పోయాను. కావళ్ళు మోసేవాళ్ళతో ఊరంతా కిక్కిరిసి ఉంది, దుమ్ముకు లోటు లేదు. అయినా నాకు దగ్గు తగ్గింది. సాయంత్రం జ్వరం రాలేదు. వారం దాటేసరికి వంటింట్లో నిలబడి చెల్లెలితో వాదులాడగలిగాను. సుబ్రహ్మణ్యస్వామి దయ అని అందరం దండం పెట్టుకున్నాం. ఊత్తుకోటకు తిరిగివచ్చిన మూడోనాటికి మళ్ళీ మంచం పట్టాను. స్వామి దయ ఇంతలోనే ఎందుకు తీరిపోయిందో నాకు అర్థం కాలేదు.

ఈసారి మా ఆయన నన్ను చెన్నైలో ఊపిరితిత్తుల డాక్టరు, ఒక పల్మనాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమెకు చెల్లెలి ఊళ్ళో తగ్గిన సంగతి చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో ఒక్కటీ వదలకుండా చెప్పమన్నారు. పళ్ళు తోముకుంటాను, వాకిలి చిమ్ముతాను, మిద్దె ఎక్కి పావురాల రెట్ట ఊడుస్తాను అన్నాను. అక్కడే ఆపమన్నారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. పెళ్ళయినప్పటి నుంచి అన్నాను. మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి చూసే బ్రాంకోస్కోపీ అయ్యాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని తేల్చారు. ఆ పేరు పలకడం నేర్చుకోవడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. పావురాల రెట్టలో, ఈకల్లో ఉండే సన్నటి పొడి ఏళ్ళ తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు వాచిపోయాయట. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదట, అందరికీ వచ్చేదీ కాదట. "స్టెరాయిడ్ నేను ఇస్తాను. కానీ అసలు మందు మీ ఇంట్లో ఉంది. పావురాలు పోవాలి. ఇలాగే సాగితే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడి ఫైబ్రోసిస్ అవుతుంది, అది వెనక్కి రాదు" అన్నారు.

పులికాట్ పోవచ్చా అని అడిగాను. బయటి గాలిలో, దూరం నుంచి చూడటం వేరు, ముందు మీరు కోలుకోండి అని నవ్వారు. ఇన్ని నెలలు మంచి గాలి ఉన్న చోటు మానేసి, పొడి ఉన్న చోట కూర్చున్నానన్నమాట.

అత్తకు చెప్పడమే కష్టమైంది. ఆమె నమ్మలేదు. పావురం రెక్కల గాలి ఒంటికి మంచిదని వాళ్ళమ్మ చెప్పేదట, పసిపిల్లల ఉబ్బసానికి ఆ గాలే తగిలించేవాళ్ళట. మిద్దె మీద చల్లడం మానేసి, పెరట్లో బావి పక్కన చల్లడం మొదలుపెట్టింది. వద్దని నేను అనలేకపోయాను. భర్త పోయిన మనిషి, పొద్దున మాట్లాడుకోవడానికి ఆమెకు ఉన్నవి అవే.

ప్రెడ్నిసలోన్ అనే ఆ స్టెరాయిడ్ వేసుకున్న కొద్ది రోజులకే ఊపిరి తేలికపడింది. దాంతోపాటు ముఖం బూరెలా ఉబ్బింది, ఆకలి చంపేసేది, నిద్ర లేదు, షుగర్ కూడా తొంగిచూసింది. అంగడికి వచ్చినవాళ్ళు ఒళ్ళు చేశావు, బాగున్నావు అనేవాళ్ళు. డోసు తగ్గిస్తున్న సమయంలో మా ఆయన మంచి మనసుతోనే ఒక పని చేశారు. కూలివాళ్ళను పిలిచి వాటర్ ట్యాంకు కింద గడ్డకట్టిన పాత రెట్టంతా గీకించారు. నీళ్ళు చల్లలేదు. నేను కింద గదిలోనే ఉన్నాను. ఆ సాయంత్రం జ్వరం, ఆయాసం ఒక్కసారిగా వచ్చాయి. తిరువళ్ళూరులో అడ్మిట్ చేసి ఆక్సిజన్ పెట్టారు. సాచురేషన్ ఎనభైల్లోకి పడిపోయిందని నర్సు ఎవరితోనో అంటుంటే వినిపించింది. డ్యూటీ డాక్టరు మా ఆయన్ను పక్కకు పిలిచి, ఇన్నేళ్ళ పొడిని ఒకేరోజు లేపారు కదయ్యా అన్నారు. ఆయన వార్డు బయట గోడకు ఆనుకుని ఏడ్చారని తర్వాత తెలిసింది.

అత్త వచ్చి మంచం పక్కన నిలబడింది. మాస్కు వైపు చాలాసేపు చూసింది. నా కాళ్ళు నిమిరి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి నేరుగా తిరుత్తణికి పోయాను. ఇల్లు పూర్తిగా శుభ్రమయ్యేదాకా రావద్దన్నారు డాక్టరు. చెల్లెలి వీధిలో వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని నడక మొదలుపెట్టాను. ఇంటి నుంచి పాలబూత్ దాకా, తర్వాత పూలకొట్ల దాకా, తర్వాత కొండ మెట్ల మొదలు దాకా. కొన్ని రోజులు మెరుగు, కొన్ని రోజులు ముందుకంటే అధ్వానం. నడవలేని రోజు మంచంలో పడుకుని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అలా తిట్టుకోవద్దని చెన్నై ఆస్పత్రిలోని ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఫోన్లో గట్టిగా చెప్పేది. వసంతక్క ఒకరోజు వచ్చింది. సంగతంతా విని, నన్ను పట్టుకుని, "నా వల్ల కాదు కదా" అని రెండుసార్లు అడిగింది. కాదు అని రెండుసార్లూ చెప్పాను.

ఐప్పశి నెల వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం అత్త ఒక్కతే రెండు బస్సులు మారి తిరుత్తణికి వచ్చింది. మిద్దెకు చుట్టూ వల కట్టించిందట. తడిపి కడిగించి, సున్నం కొట్టించి, పాత పరుపులు, గంపలు అన్నీ తీసేయించిందట. రాలిన గింజలు ఇప్పుడు మేకలు పెంచే ఒకామెకు పోతున్నాయట. ఇవన్నీ సరుకు అప్పగించినట్టు చెప్పింది. పావురాలు ఏమైనాయి అని అడిగాను.

"అవి ఇంకా వస్తానే ఉండాయి. వల మీద కూర్చోని చూస్తాండాయి. నేను పైకి పోయేది లేదు" అన్నది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "వాటికి ఇంకో మిద్దె దొరుకుతాది రాజీ. నువ్వు నాకు యాడ దొరుకుతావు?"

నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఇప్పుడు పొద్దున పూట అత్త, నేను అంగడి గడప దగ్గర కూర్చుని కాఫీ తాగుతాం. పావురాలకు చెప్పుకున్న మాటలన్నీ ఇప్పుడు నేను వినాలి. ఎక్కువగా నామీద ఫిర్యాదులే. స్టెరాయిడ్ చిన్న డోసులో ఉంది. మొన్నటి సీటీలో వాపు చాలా తగ్గింది కానీ, కింది భాగంలో కొంచెం మచ్చ మిగిలింది. అది పోదన్నారు. మూటలు ఎత్తను. పులికాట్‌కు మళ్ళీ పోతున్నాం, పొన్నేరి నుంచి కాదు, సరస్సు దగ్గరి దాకా వ్యానులోనే పోయి చివరి కొంత దూరమే సైకిల్. వసంతక్క నాకోసం నెమ్మదిగా తొక్కుతుంది, నెమ్మదిగానే తొక్కుతున్నానని అరిచి చెబుతుంది కూడా. పడవలో గూళ్ళ దగ్గరికి పోను, ఈక కనిపిస్తే ఏరను. ఒడ్డున నిలబడి చూస్తాను. అది చాలు.

నాలాగా ఊరు మారితే తగ్గి, ఇంటికి వస్తే తిరగబెట్టే దగ్గు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు అడిగినా అడగకపోయినా, మీ ఇంట్లో పొద్దున్నుంచి చేసే ప్రతి పనీ చెప్పండి. చెడ్డ అలవాట్లు ఎలాగూ అడిగి తెలుసుకుంటారు. పుణ్యం అనుకుని చేసేవి మీరే చెప్పాలి, వాటిని ఎవరూ అనుమానించరు.